చెవి కత్తిరించిన కుక్క గీరితే టీకా అక్కర్లేదా?

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మూడు రోజుల కిందట అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వీధికుక్క మా ఆరేళ్ల పాపను పిక్క మీద గోళ్లతో గీరింది. రక్తం రాలేదు, డెట్టాల్ రాస్తే మాత్రం మంటని ఏడ్చింది. కుక్క చెవికి కత్తిరింపు ఉందని, వీధికుక్కల టీకాలు నమోదు చేసే యాప్‌లో దానికి టీకా వేసినట్టు కూడా ఉందని, రేబిస్ సూది అక్కర్లేదని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. మా ఆయనేమో పది రోజులు కుక్కను చూద్దామంటున్నారు. టీకా వేయించుకున్నా చనిపోయారన్న వార్తలు చదివి ఇంకా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు పాపను తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి, మిగతాది ఆటోలో కూర్చుని చదువుకోవచ్చు. మూడు రోజులు దాటిందని మానేయడానికి లేదు, ఆలస్యమైనా వేయించాల్సిందే.

డెట్టాల్ మండిందన్నారు చూశారా, నాకు కావలసింది ఆ ముక్కే. రక్తం కనపడకపోయినా చర్మం పైపొర లేచిందనే అనుకోవాలి. ఇలాంటి గీతను మేం రెండో కేటగిరీ అంటాం, దీనికి టీకా తప్పనిసరి. రక్తం వచ్చి ఉంటే మూడోది, అప్పుడు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, అంటే వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందును, గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. ఏ కేటగిరీయో డాక్టర్ కాలు చూసి తేలుస్తారు. ఈసారి ఎప్పుడైనా ఇలా జరిగితే డెట్టాల్ కంటే ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి, పసుపూ కారమూ పెట్టకండి.

ఇక చెవి సంగతి. ఆ కత్తిరింపు కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందనడానికి గుర్తు. అప్పుడు రేబిస్ టీకా కూడా వేస్తారు, నిజమే, కానీ అది నిరుడా, నాలుగేళ్ల కిందటా అన్నది చెవి చూస్తే తెలియదు. యాప్‌లో తేదీ ఉన్నా, ఆ ఫొటోలోది మీ గేటు దగ్గరి కుక్కేనని ఎవరు పూచీ? 2023 లెక్కల్లో బెంగళూరులో వీధికుక్కలు సుమారు 2.79 లక్షలు, అందులో గోధుమ రంగువి ఎన్నో మీరే ఊహించుకోండి.

అలాగని ఆ యాప్‌లు దండగని కాదు. గోవాలో టీకా వేసిన ప్రతి కుక్క వివరాన్నీ జీపీఎస్‌తో ఫోన్‌లో నమోదు చేస్తూ, ఏ వీధి మిగిలిందో చూసుకుని మళ్లీ వెళ్లి వేశారు. దాదాపు 70 శాతం కుక్కలకు టీకా అందితే వాటి మధ్య వైరస్ వ్యాప్తి ఆగుతుంది. అక్కడ 2019 నాటికి మనుషుల్లో రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయని 2022లో పరిశోధన పత్రం కూడా వెలువడింది. పశువుల డాక్టర్లూ మేమూ ఒకే లెక్క చూసుకుంటే ఇంత జరుగుతుంది. కాకపోతే ఆ డేటా పనికొచ్చేది ఊరంతటి లెక్కకు, మీ పాప కాలి మీది గీతకు దాంతో తీర్పు చెప్పకూడదు.

మీ ఆయన మాటలో సగం నిజముంది. లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క సాధారణంగా పది రోజుల్లోపే జబ్బుపడి చచ్చిపోతుంది, అందుకే ఆ గడువు. అయితే టీకా మొదలుపెట్టి కుక్కను గమనించాలి, గమనించాక మొదలుపెట్టడం కాదు. పదో రోజుకీ అది హుషారుగా తిరుగుతుంటే మిగిలిన డోసుల సంగతి డాక్టర్ చెబుతారు.

టీకా వేసుకున్నా చనిపోవడం అరుదు. అలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించేవి ముఖం, తల, చేతుల మీద లోతైన కాట్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వకపోవడం, ఆలస్యం, మధ్యలో మానేయడం. మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో పోతున్నారని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే అంచనా. కుక్క కరిచినవాళ్లలో అయిదో వంతు మంది అసలు టీకాయే వేయించుకోలేదని తేలింది అందులోనే, నన్నడిగితే భయపడాల్సింది దానికి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది, పాపను భయపెట్టకండి. మొదటి సూది రోజును 0 అనుకుంటే, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మం పొరలో వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. గుడ్డు, చికెన్ మాన్పించే పథ్యం ఏమీ లేదు, స్కూలుకూ పంపొచ్చు. పిరుదుకు మాత్రం వేయనివ్వకండి, తేదీల కార్డు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.