ప్లేట్‌లెట్లు నార్మల్ అయినా నెత్తురు ఆగకపోతే

అక్కా, బాబుకి పాలపన్ను ఊడి రెండు రోజులైనా నెత్తురు ఊరుతూనే ఉంది, ప్లేట్‌లెట్లు మాత్రం నార్మల్ అన్నారని రాశారు. ఆ కాగితం చూసి ఊరుకోకండి. ఇవాళే విశాఖలోని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్లండి.

ఇది హీమోఫిలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని పుట్టు జబ్బు కావచ్చు. అందులో ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి. తగ్గేది రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ అనే ప్రోటీన్: ఎక్కువమందిలో 8, కొందరిలో 9. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు చేస్తారు. జబ్బు తేలికపాటిదైతే ఏపీటీటీ కూడా నార్మల్‌గా రావచ్చు, అందుకే ఫ్యాక్టర్ పరీక్షలు, వాన్ విల్లీబ్రాండ్ (నెత్తురు ఆగని ఇంకో జబ్బు) పరీక్ష గురించి అడగండి.

మీ తమ్ముడికి చిన్నప్పుడు మోకాళ్లు వాచేవన్నారు చూడండి, డాక్టర్‌కి ముందు అదే చెప్పండి. ఈ లోపం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ నుంచి కొడుక్కి వస్తుంది. క్యారియర్ తల్లికి, అంటే ఆ లోపాన్ని మోసే తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం 50 శాతం. మీ తప్పేం లేదు, అత్తగారు ఏమన్నా సరే.

మా వాడికి ఈ జబ్బుందని తెలియకముందు జ్వరమొస్తే ఒక క్లినిక్‌లో తుంటికి సూది వేశారు. తెల్లారేసరికి తుంటి వంకాయ రంగు! కండకి సూది వద్దనండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కూడా వద్దు, నొప్పికి పారాసిటమాల్ చాలు. తలకి దెబ్బ తగిలితే మాత్రం అర్ధరాత్రైనా ఆసుపత్రికే.