మీ ప్రశ్న – మా జవాబు: రెండు ర్యాకుల్లో ఇమిడిన క్వాంటం కంప్యూటర్

ప్రశ్న: ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరంలో ఆల్పైన్ క్వాంటం టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీ క్వాంటం కంప్యూటర్లు తయారు చేస్తోందని చదివాను. పేరుమోసిన సంస్థలే ఏళ్ల తరబడి శ్రమిస్తున్న పని ఇంత చిన్న కంపెనీకి ఎలా సాధ్యమైంది?

జవాబు: కంపెనీ చిన్నదే గాని, దాని వెనుక ఉన్న పరిశోధన చిన్నది కాదు. విద్యుదావేశం గల పరమాణువులను, అంటే అయాన్లను, వరుసగా బంధించి లేజర్లతో లెక్కలు చేయించవచ్చని భౌతిక శాస్త్రవేత్తలు ఇగ్నాసియో సిరాక్, పీటర్ త్సోలర్ 1995లో ప్రతిపాదించినప్పుడు వారిద్దరూ ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తున్నారు. 2003లో అదే ఊళ్లో రైనర్ బ్లాట్ బృందం ఆ ప్రతిపాదనను కాల్షియం అయాన్లపై ఆచరణలో చూపించింది. 2011 నాటికి 14 అయాన్లను ఒకే క్వాంటం స్థితిలో పెనవేయగలిగారు, అంటే దేని స్థితినీ విడిగా చెప్పలేనంతగా ముడివేయగలిగారు. బ్లాట్, త్సోలర్, థామస్ మోంత్స్ కలిసి 2018లో కంపెనీ పెట్టేసరికి సిద్ధాంతమూ, దాన్ని చేతుల్లో పెట్టుకుని పనిచేసిన నిపుణులూ అక్కడే ఉన్నారు.

ఇంకో కారణం మరీ ముఖ్యమైనది. క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు మూల ప్రమాణం క్యూబిట్. అది 0, 1 రెండూ కలగలిసిన స్థితిలోనూ ఉండగలదు. విద్యుత్తు నిరోధం లేకుండా ప్రవహించే పదార్థాలను వాడే అతివాహక పద్ధతిలో క్యూబిట్ అంటే చిప్ మీద మనిషి చెక్కిన విద్యుత్ వలయం. ఎంత జాగ్రత్తగా తయారు చేసినా ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు కనుక ఒక్కోదాన్నీ విడిగా సరిచూసుకోవాలి. కాల్షియం అయాన్ విషయంలో ఆ బెడద లేదు. కాల్షియం-40 అయాన్ ఎక్కడ దొరికినా ఒకటే. క్యూబిట్‌ను ప్రకృతే ఇస్తున్నప్పుడు కంపెనీ చేయవలసింది దాన్ని పట్టి ఉంచే విద్యుత్ క్షేత్రపు ఉచ్చు, వాక్యూమ్ పాత్ర, లేజర్లు, నియంత్రణ ఎలక్ట్రానిక్స్. వాటిలోనూ అన్నీ సొంతంగా చేయలేదు. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచిన ప్రాజెక్టులో జర్మనీలోని యేనా నగరపు ఫ్రాన్‌హోఫర్ సంస్థ, మ్యూనిక్ ప్రాంతపు లేజర్ కంపెనీ టాప్టికా భాగస్వాములయ్యాయి.

నా దృష్టిలో వీరి అసలు ఘనత 2021లో కనిపించింది. అంతకుముందు ఇలాంటి ప్రయోగానికి 30 నుంచి 50 చదరపు మీటర్ల ప్రయోగశాల కావలసి వచ్చేది. అద్దాలు, కటకాలు పరిచిన బల్లల చుట్టూ తిరుగుతూ పరిశోధకులు తరచు చేత్తో సవరించుకునేవారు. విశ్వవిద్యాలయ బృందమూ కంపెనీ నిపుణులూ కలిసి ఆ సరంజామా మొత్తాన్ని డేటా సెంటర్లలో వాడే మామూలు 19 అంగుళాల ర్యాకులు రెండింటిలో అమర్చి, అందులోనే 24 అయాన్లను పెనవేసి చూపించారు. ప్రయోగాన్ని యంత్రంగా మార్చడమనే ఈ పనికి భౌతికశాస్త్ర ఆవిష్కరణలకు దక్కినంత పేరు రాదు. కాని ఇది జరగనిదే ఏ ఆవిష్కరణా ప్రయోగశాల గడప దాటదు.

ప్రశ్న: క్వాంటం కంప్యూటర్‌కు అంతరిక్షం కన్నా చల్లని చోటు కావాలంటారు. ఈ యంత్రం మామూలు గదిలో ఎలా పనిచేస్తుంది?

జవాబు: ఆ మాట అతివాహక వలయాలకు వర్తిస్తుంది. వాటిని పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దగ్గరగా ఉంచాలి, అందుకు పెద్ద శీతలీకరణ యంత్రం తప్పదు. ఇక్కడ చల్లబడవలసింది అయాన్లు మాత్రమే. అవి శూన్యంలో దేన్నీ తాకకుండా నిలిచి ఉంటాయి కాబట్టి పాత్ర గోడలు గది వేడిమిలో ఉన్నా ఇబ్బంది లేదు. 397 నానోమీటర్ల ఊదారంగు లేజర్ పౌనఃపున్యాన్ని కొద్దిగా తగ్గించి ప్రసరింపజేస్తే, కాంతికి ఎదురుగా కదిలే అయాన్ దాన్ని ఎక్కువగా గ్రహించి, ప్రతిసారీ వెనక్కి తోపు తిని నెమ్మదిస్తుంది. చల్లబడటమంటే అదే. యంత్రం మొత్తానికి 2 కిలోవాట్ల కన్నా తక్కువ విద్యుత్తు చాలునని కంపెనీ చెబుతోంది.

చల్లబడిన అయాన్లు కొద్ది మైక్రోమీటర్ల ఎడంతో బారులు తీరతాయి. 729 నానోమీటర్ల ఎర్రని లేజర్‌ను కావలసిన అయాన్ మీద కేంద్రీకరించి గణన చేస్తారు. అయాన్ కింది శక్తిస్థాయిలో ఉంటే 0, సుమారు ఒక సెకను పాటు నిలిచే పైస్థాయిలో ఉంటే 1. లెక్క ముగిశాక మళ్లీ ఊదారంగు కాంతి వేస్తే 0లో ఉన్నవి మెరుస్తాయి, 1లో ఉన్నవి చీకటిగా ఉండిపోతాయి. కెమెరాకు చిక్కిన ఆ చుక్కల వరుసే జవాబు.

ప్రశ్న: ఈ కంపెనీ యంత్రంలోని 20 క్యూబిట్లతో ఏం ప్రయోజనం? వందల క్యూబిట్ల యంత్రాలు వచ్చాయి కదా?

జవాబు: క్యూబిట్ల సంఖ్య ఒక్కటే చూసి యంత్రాలకు మార్కులు వేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. అతివాహక చిప్ మీది క్యూబిట్ సాధారణంగా పక్కనున్న వాటితోనే నేరుగా కలుస్తుంది. అయాన్ల వరుసలో ఒకటి కదిలితే పరస్పర వికర్షణ వల్ల అన్నీ కదులుతాయి కాబట్టి ఏ రెండింటినైనా నేరుగా జతచేయవచ్చు. దూరపు క్యూబిట్లను దగ్గరకు చేర్చడానికి అదనపు మెట్లు వేయనక్కరలేదు, ఆ మెట్ల వెంట వచ్చే పొరపాట్లూ ఉండవు.

లోపాలూ చెప్పాలి. గేటు అంటే క్యూబిట్ల మీద చేసే ఒక్కో గణన చర్య. అయాన్ల గేటుకు పదుల, వందల మైక్రోసెకన్లు పడితే, అతివాహక గేటు పదుల, వందల నానోసెకన్లలో ముగుస్తుంది. పైగా 20 క్యూబిట్ల స్థితిని వర్ణించడానికి 10,48,576 సంఖ్యలు చాలు, వాటిని ల్యాప్‌టాప్ కూడా దాచుకోగలదు. కనుక ఈ యంత్రం మామూలు కంప్యూటర్‌ను ఓడించడానికి కాదు. దోషాలను సరిదిద్దుకుంటూ గణన సాగించడం నేర్చుకోవడానికి ఇది తగిన సాధనం. 2022లో ఇన్స్‌బ్రుక్ పరిశోధకులు జర్మనీ సహచరులతో కలిసి, ఏడేసి అయాన్లలో ఒక్కో క్యూబిట్ సమాచారాన్ని పంచి, దోషాలు వ్యాపించకుండా గణనకు కావలసిన గేట్లన్నీ చేసి చూపారు.

ప్రశ్న: వీటిని కొనేదెవరు? ముందుముందు పెద్దవి అవుతాయా?

జవాబు: ప్రస్తుతానికి ప్రధానంగా సూపర్ కంప్యూటర్ కేంద్రాలు. యూరప్ ఉమ్మడి సూపర్ కంప్యూటింగ్ సంస్థ కొన్న 20 క్యూబిట్ల యంత్రం 2025లో పోలండ్‌లోని పోజ్నాన్ కేంద్రంలో ప్రారంభమైంది. ఇక ఒకే వరుసలో అయాన్లు పెరిగేకొద్దీ వాటి ఉమ్మడి కదలికలు ఒకదానితో ఒకటి కలగలిసి అదుపు కష్టమవుతుంది. అందుకే వరుసను పొడిగించే బదులు, చిప్ మీద అయాన్లను ఒక చోటు నుంచి మరో చోటికి నడిపించడం, వేర్వేరు ఉచ్చులను కాంతితో కలపడం అనే రెండు మార్గాలు చూస్తున్నారు. రెండో మార్గంలో 2023లో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం 230 మీటర్ల ఎడంలో, రెండు వేర్వేరు భవనాల్లో ఉన్న అయాన్లను ఆప్టికల్ ఫైబర్ ద్వారా పెనవేయగలిగింది. ఆ లంకె ఇంకా నెమ్మదిగానే ఏర్పడుతోంది, దాని వేగం పెంచడమే ఇప్పుడు మిగిలిన పెద్ద పని.