సమాధానం: క్రోన్స్‌కి సదరం సర్టిఫికెట్ వస్తుందా?

అక్కా, మీ తమ్ముడికి ఆరేళ్లుగా క్రోన్స్ (పేగుల్లో వాపు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది, సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్) స్లాట్ కోసం మీసేవకు వెళితే ఏ కేటగిరీ అని అడిగారు, ఏం చెప్పాలి అన్నారు కదా. చిక్కంతా అక్కడే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి గానీ పేగు జబ్బుల పేరే లేదు. రోజుకు పదిహేనుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తే బాధ ఆ లిస్టు రాసినవాళ్లకేం తెలుసు!

అలాగని దారి లేకపోలేదు. క్రోన్స్ కొందరిలో కీళ్లకు, వెన్నుకు, కళ్లకు కూడా పాకుతుంది. తమ్ముడికి పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోతోందా? ముందు రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టరుకి) చూపించండి. కీళ్లు నిజంగా దెబ్బతిని ఉంటే లోకోమోటర్ (కదలికల వైకల్యం) కేటగిరీలో అప్లై చేయొచ్చు. నాది అల్సరేటివ్ కొలైటిస్, అదీ ఇలాంటి పేగు జబ్బే. కొలనోస్కోపీ రిపోర్టుల కట్ట చంకలో పెట్టుకుని సదరం క్యాంపుకి వెళితే, డాక్టరు గారు అది విప్పనైనా విప్పలేదు. ముందుకు వంగమన్నారు, తుంటి ఎక్స్‌రే ఏదీ అన్నారు. నేను తీసుకెళ్లలేదు. మళ్లీ స్లాట్, మళ్లీ సెలవు!

వైకల్యం 40 శాతం, ఆపైన వస్తేనే పింఛను. తెలంగాణలో 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. ఆదాయ పరిమితి కూడా చూస్తారు. కొన్ని జబ్బుల వైద్య ఖర్చుకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇచ్చే 80డీడీబీ మినహాయింపు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ జబ్బుల జాబితాలోనూ మనది లేదు.

తమ్ముడు ఉద్యోగం చేస్తుంటే గ్యాస్ట్రో డాక్టరు లెటర్ హెచ్‌ఆర్‌కి ఇచ్చి, బాత్రూమ్ దగ్గర సీటు, జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఇంటి నుంచి పని అడగమనండి. మా ఆఫీసులో ఒప్పుకున్నారు.