ఎక్స్ఎల్‌టీ ఇచ్చి పాత ప్లాటినం తీసుకునే ముందు

చిరంజీవి కిరణ్‌కి ఆశీస్సులు.

నీ 2019 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కుని, అంటే ఎక్స్ఎల్‌టీ అనే మామూలు రకాన్ని, డీలరుకిచ్చి, అదే ధరకి దొరుకుతున్న 2015 ఎఫ్-150లో ఖరీదైన ప్లాటినం రకం తెచ్చుకుందామని రాశావు. తోలు సీట్లు, తల పైన అద్దం, తలుపు తీయగానే దిగే మెట్టు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ముచ్చట తప్పని నేననను. అయితే ఎక్స్ఎల్‌టీ, ప్లాటినం లాంటి రకాన్ని ట్రిమ్ అంటారు, ట్రిమ్ అంటే అదనంగా బిగించిన సామాను. ఆ సామానుకీ ట్రక్కుతో పాటే వయసొచ్చింది. దేనికి ఎంత ఇస్తున్నావో తెలిసి ఇవ్వు.

మొదట పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు చూడు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద పసుపు గీత ఉన్న తెల్ల స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద ఉంటుంది. బిగించిన సామానుని బట్టి ఒక్కో ట్రక్కుకీ అది మారుతుంది కాబట్టి ప్రకటనలో రాసిన అంకెను నమ్మకు. నీ చిన్న ట్రాక్టరు, లోడరు, ట్రైలరు కలిపి 6,000 పౌండ్లు అనుకుందాం. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలరు తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అంటే 600 నుంచి 900. మధ్యన 750 వేసుకో. మీరు నలుగురూ 600, హిచ్, పనిముట్లు 100. మొత్తం 1,450. అద్దాల కప్పు, మోటారు మెట్లు, బరువైన సీట్లు అన్నీ ఈ పేలోడ్‌లోంచే తింటాయి. అన్ని హంగులున్న, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ ప్లాటినంలో ఆ అంకె 1,400కి లోపే ఉండొచ్చు. అలా ఉంటే ఆ బండి నీ పొలం పనికి పనికిరాదు. ఎంత మెరిసినా అక్కడితో వదిలెయ్.

పేలోడ్ సరిపోతేనే ఇంజను దగ్గరికి వెళ్ళు. విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్య) 8వ అక్షరం పీ అయితే 2.7 లీటర్ల ఎకోబూస్ట్, అంటే టర్బో ఇంజను, జీ అయితే 3.5 ఎకోబూస్ట్, ఎఫ్ అయితే 5.0 వీ8. అమ్మేవాళ్ళు పొరపాటుగా చెప్పడం మామూలే, అక్షరం నువ్వే చదువు. నా ఓటు 2015-17 మధ్య 5.0కి. దాంట్లో టర్బోలు లేవు. పెట్రోలు వాల్వుల వెనకనుంచే వస్తుంది కాబట్టి వాల్వుల మీద మసి పేరుకోదు. అదే ఏళ్ళలో 2016 దాకా వచ్చిన 3.5లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పోతుంది, వాల్వులను కడిగేది ఏదీ ఉండదు. ఆయిలు ఆలస్యంగా మార్చిన 3.5 బళ్ళలో టైమింగ్ చైన్ (ఇంజను లోపలి గొలుసు) సాగుతుంది. అది మార్చాలంటే ఇంజను ముందు భాగమంతా విప్పాలి, ఖర్చు వేలల్లోనే.

అందుకే ట్రక్కుని చల్లగా ఉన్నప్పుడే చూడు. అమ్మేవాడికి ముందే చెప్పు, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని. వెళ్ళగానే హుడ్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని వచ్చెయ్. చల్లగా ఉంటే హుడ్ ఎత్తి, ఇంకొకరిచేత స్టార్ట్ చేయించి నువ్వు ముందు నిలబడు. మొదటి మూడు నాలుగు సెకన్లు గలగలమని గొలుసు చప్పుడొస్తే అది చైనో, కామ్ ఫేజరో (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగం). పక్కనుంచి టిక్ టిక్ మంటూ వేడెక్కాక తగ్గిపోతే ఇంజను పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ బోల్టు విరిగినట్టు. వేడెక్కిన ఇంజనులో ఇవేవీ వినిపించవు, మోసపోయేది అక్కడే.

గేరుబాక్సు విషయంలో మాత్రం పాత ట్రక్కుదే పైచేయి. 2015లో ఉన్నది ఆరు గేర్లది, నీ 2019లో పది గేర్లది. పదింటిదానిలో లోపలి డ్రమ్ము బుష్ జరిగి 3, 4, 5 గేర్ల మధ్య కుదుపులు రావడం చాలామందికి అనుభవమే. నీ ట్రక్కు అక్కడ కుదుపుతోందా? కుదుపుతుంటే మార్చడానికి అది గట్టి కారణమే. ఆరు గేర్లదాన్లోనూ 2011-14 బళ్ళకి ఉన్నట్టుండి మొదటి గేరుకి పడిపోయే లోపం ఉండి రీకాల్ అయింది, అంటే కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేసింది. అంచేత ఎంత చవకైనా 2015కి కిందికి పోకు. ఆరింటిదానికి మెర్కాన్ ఎల్వీ, పదింటిదానికి మెర్కాన్ యూఎల్వీ ఆయిలు పోయాలి. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే గేరుబాక్సు పాడవుతుంది. రసీదుల్లో ఏది పోశారో చదువు.

రోడ్డు మీద వెనక చక్రాలే లాగేలా టూ వీల్‌లో పెట్టి గంటకి 20 నుంచి 40 మైళ్ళ వేగంలో యాక్సిలరేటరు మెల్లగా నొక్కు. ముందు చక్రాల దగ్గర గరగరమంటే వ్యాక్యూమ్ (గొట్టాల్లో గాలిని లాగి పట్టే శక్తి) లీకవుతోందని అర్థం. ఈ ట్రక్కులో ముందు హబ్బుల్ని (చక్రాన్ని ఇరుసుకి కలిపే భాగాల్ని) విడదీసి ఉంచేది వ్యాక్యూమే. అది తగ్గితే పళ్ళు సగం సగం తగిలి అరుగుతాయి. మొదట్లో పట్టుకుంటే చిన్న వాల్వో, గొట్టమో మార్చితే పోతుంది.

ఇక హంగులు. ప్రతి బటనూ నొక్కు, సిగ్గుపడకు. అద్దాల కప్పుని పూర్తిగా తెరిచి మూసి, అంచు గాడిలో ఒక సీసా నీళ్ళు నెమ్మదిగా పోయి. ఆ నీళ్ళు ట్రక్కు కిందికి దిగాలి. లోపల అద్దం పక్క స్తంభం దగ్గర తడి తగిలితే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయినట్టు. మెట్లు రెండువైపులా మూడేసిసార్లు దిగి ఎక్కాలి. సీట్లలో వేడీ, చల్లగాలీ రెండూ పది నిమిషాలు నడిపించు. ఎల్ఈడీ హెడ్‌లైటు పోతే బల్బు మార్చి సరిపెట్టుకోలేవు, ల్యాంపు మొత్తం కొనాలి. 20 అంగుళాల చక్రాలకి 275/55ఆర్20 టైర్లు, నీ వాటికన్నా ఖరీదు. టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటితే కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమను.

ఫోను సంగతి చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. 2015లో ముందు తెరకి వచ్చింది పాత మైఫోర్డ్ టచ్ వ్యవస్థ. అందులో ఐఫోనుని ఆ తెర మీద వాడుకునే కార్‌ప్లే లేదు. 2016 నుంచి దాని బదులు సింక్ 3, ఆ ఏడాదిదానికి సాఫ్ట్‌వేరు, యూఎస్‌బీ హబ్బు మార్చితే కార్‌ప్లే వస్తుంది. 2017 నుంచి నేరుగా వస్తుంది. రోజూ ఆ తెర చూస్తూ పనికెళ్ళేవాడివి, నీ దగ్గర సింక్ 3 ఉంటే దాన్నొదులుకుని ప్లాటినం బోర్డు తెచ్చుకుంటున్నావని గుర్తుంచుకో.

టెక్సస్‌లో హ్యూస్టన్ వైపు ట్రక్కయితే ఇంకొంచెం జాగ్రత్త. 2017 ఆగస్టు హార్వీ వరదలో మునిగిన బళ్ళు లెక్కలేనన్ని. సీటుబెల్టు చివరిదాకా లాగి మట్టి గీత కోసం చూడు. సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింద బురద, వైర్ల కొసన ఆకుపచ్చ రంగు చూడు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) శుభ్రంగా ఉందనేది ఒక్కటే చాలదు. ఉత్తరాదినుంచి వచ్చినదైతే కిందికి దూరి ఫ్రేము చూడు. 2015 నుంచి బాడీ అల్యూమినియం కాబట్టి పైకి తుప్పు కనిపించదు, ఫ్రేము మాత్రం ఉక్కే.

2025 జనవరినుంచి టెక్సస్‌లో మామూలు బళ్ళకి సేఫ్టీ తనిఖీ లేదు. కాబట్టి ఆ భరోసా కూడా లేదు, స్వతంత్ర మెకానిక్‌కి డబ్బిచ్చి లిఫ్టు మీద చూపించు. స్కానరు పెట్టి రెడీనెస్ మానిటర్లు, అంటే బండి కంప్యూటరు తన భాగాల్ని పరీక్షించుకుందో లేదో చూడమను. అవి పూర్తికాలేదంటే ఎవరో ఈమధ్యే లోపాల కోడ్లు చెరిపేశారేమో అడగాలి. విన్‌తో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్ చూడు. 3.5 అయితే బ్రేక్ మాస్టర్ సిలిండరు రీకాల్ ఉందా, పూర్తి చేశారా అని ప్రత్యేకంగా చూడు.

డబ్బు లెక్క చెబుతాను. డీలరు నీ ట్రక్కుకి 22,000 కట్టి, అదే 22,000కి ప్లాటినం ఇస్తే తేడా సున్నా, టెక్సస్ 6.25 శాతం పన్నూ సున్నా. బయట అమ్మి బయట కొంటే 22,000 మీద 1,375 డాలర్ల పన్ను పడుతుంది. రాష్ట్రం కట్టిన ప్రామాణిక విలువలో 80 శాతం అంతకన్నా ఎక్కువైతే పన్ను దాని మీద. అంటే బయట అమ్మితే కనీసం 1,375 ఎక్కువ రావాలి. నీ పాత లోన్ ఇంకా ఉంటే మొత్తం బాకీ ఎంతో చెప్పే పే ఆఫ్ లెటరు బ్యాంకునుంచి ముందే తెచ్చుకో. బాకీ విలువ కన్నా ఎక్కువుంటే ఆ తేడాని కొత్త లోన్‌లో కలపనివ్వకు. పాత బండికి వడ్డీ కూడా ఎక్కువే. కొన్న రోజే రిపేర్లకని 3,000 డాలర్లు పక్కన పెట్టలేకపోతే కొనకు.

నా మాట అడిగితే, 2016 లేదా 2017 లారియట్ 5.0 వెతుకు, లారియట్ అంటే ఎక్స్ఎల్‌టీకీ ప్లాటినానికీ మధ్య రకం. లారియట్‌లోనూ 500ఏ, 501ఏ, 502ఏ అని మూడు ప్యాకేజీలు, అందులో 502ఏ నిండుగా ఉంటుంది. అమ్మేవాడిని అసలు విండో స్టిక్కరు కాపీ అడుగు. నీ ఎక్స్ఎల్‌టీ 302ఏ ప్యాకేజీ అయితే సీటు వేడి, రిమోట్ స్టార్ట్ నీకు ఇప్పటికే ఉండాలి. ఒకసారి సరిచూసుకో. ఉన్నాయంటే నువ్వు కోరుకుంటున్నది తోలూ, చల్లగాలీ మాత్రమేనా అని ఆలోచించు. తోలు కవర్లు వేయించుకోవడం ట్రక్కు మార్చడంకన్నా ఎంతో చవక.

ఈ శనివారం వెళ్తున్నావు కదా. ముందు నీ ట్రక్కు తలుపు స్టిక్కరూ, అమ్మేవాడినడిగి ప్లాటినందీ ఫోటోలు పంపు. ప్లాటినం అంకె 1,450కి లోపుంటే మిగతావి చూడటానికి అంతదూరం వెళ్ళనక్కర్లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న