సైబర్‌ట్రక్‌ చూసి కార్ల డిజైన్‌ చదువుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా అబ్బాయి ఎంపీసీ, జూనియర్ ఇంటర్ పూర్తయింది. మార్కులు బాగానే వస్తాయి. టెస్లా కంపెనీ ఎలక్ట్రిక్ పికప్ సైబర్‌ట్రక్ బొమ్మ గోడకు అంటించుకుని, కంప్యూటర్ సైన్స్ వద్దు, బండ్ల డిజైన్ చదువుతానంటున్నాడు. ఆ రేకు డబ్బాను చూసి జీవితం తేల్చుకుంటాడా? మీరైనా నచ్చజెప్పండి.

జవాబు: నచ్చజెప్పే పని నేను పెట్టుకోనండీ. ఆ బండి నాకూ నచ్చదు. కానీ డిజైన్ వైపు వెళ్లాలనుకునే కుర్రాడు గోడకు అంటించుకోవడానికి అంతకంటే మంచి బండి దొరకదు. అందులో ఏది ఎందుకు చేశారో, దానికి ఏం మూల్యం చెల్లించారో బయటికే కనిపిస్తుంది.

మామూలు కారు తలుపుకి పల్చటి రేకును అచ్చులో పెట్టి, పెద్ద ప్రెస్సుతో నొక్కి వంపులు తెప్పిస్తారు. దీనికి వాడింది గట్టి స్టెయిన్‌లెస్ స్టీలు. అది అచ్చుకు అంత సులువుగా లొంగదు, గీత వెంట మడవాల్సిందే. అందుకే అన్నీ చదును పలకలు, సూటి అంచులు. పెయింటూ వేయలేదు. సొట్ట పడితే టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, రంగు కొట్టేద్దామంటే కుదరదు. కొన్ని పట్టీలను జిగురుతో అతికించారు. అవి ఊడిపోయే ప్రమాదం ఉందని 2025 మార్చిలో 46 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు.

ఇక కొన్నవాళ్ల సంగతి. 2019 నవంబరులో చూపించినప్పుడు ధర 39,900 డాలర్ల నుంచి అన్నారు. 100 డాలర్లు కట్టి బుక్ చేసుకున్నవాళ్లు పది లక్షలు దాటారని టెస్లా అధిపతి ఎలాన్ మస్కే చెప్పుకున్నారు. 2023 చివర్లో బండి చేతికొచ్చేసరికి ప్రారంభ ధర 60,990 డాలర్లయింది. 2024లో అమెరికాలో అమ్ముడుపోయినవి సుమారు 39 వేలు, ఆ మరుసటి ఏడు అందులో దాదాపు సగం. వెనక్కి తీసుకోగలిగే వంద డాలర్లు కట్టడం ముచ్చట పడటమే, కొనడం కాదు. యార్డులో మిర్చి చూసి పోయేవాడికీ, కాటా వేయించేవాడికీ తేడా మీకు నేను చెప్పాలా?

మీ అబ్బాయిని ఒక ఉదయం యార్డుకు తీసుకెళ్లండి. బొలెరో పికప్‌కి పక్క డోర్లు దించి, హమాలీలు మిర్చి టిక్కీలను (బస్తాలను) మూడు వైపుల నుంచి ఎలా ఎక్కిస్తారో చూడమనండి. సైబర్‌ట్రక్ తొట్టికి పక్కగోడలు ఎత్తుగా, ఏటవాలుగా ఉంటాయి, కిందికి దిగవు. లోడు వెనక నుంచే వేయాలి. ‘ఇది ఎవరి కోసం చేసిన పికప్?’ అని అడగండి. వాడు మస్క్‌ని వెనకేసుకొస్తే కంగారు పడక్కర్లేదు, ఈ వయసులో మామూలే. కాగితం తీసుకుని తొట్టిని మార్చి గీయడం మొదలుపెడితే మాత్రం ఆ పిల్లవాడిని ఆపకండి.

సెలవుల్లో కొన్నాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లు కట్టే షెడ్డులో కూర్చోబెట్టండి. లారీ యజమానులు మీకు తెలియనివాళ్లా? రేకు ఎక్కడ మడవాలో, ఎక్కడ వెల్డింగ్ పడాలో మేస్త్రీ సుద్దముక్కతో గీసుకోవడం దగ్గర్నుంచి చూడాలి. ఆ మోత, వేడి భరించలేక రెండో రోజే ఇంటికొస్తే అదీ ఒక జవాబే, డబ్బు ఖర్చు లేకుండా తెలిసినట్టు.

చదువు విషయానికొస్తే దారులు రెండు. ఇంటర్ తర్వాత నేరుగా బీడిజైన్, అంటే డిజైన్‌లో డిగ్రీ: ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీల్లో సీట్లున్నాయి. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డాట్ పరీక్ష వేరు. 2015లో మీ పక్కనే నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది. రెండింటికీ చేత్తో గీయడం వచ్చి తీరాలి. యూసీడ్ సాధారణంగా జనవరిలో ఉంటుంది కాబట్టి ఈఏపీసెట్‌కు అడ్డు రాదు.

రెండోది, నా మొగ్గు దీనివైపే: మెకానికల్ ఇంజినీరింగ్ చేసి, పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఐఐటీ బాంబేలో వాహన డిజైన్‌లోనో, డాట్ రాసి ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లోనో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ). మధ్యలో మనసు మారినా చేతిలో బీటెక్ ఉంటుంది. సీటు కష్టమే, అది దాచను. ఈ రంగంలో ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లా వేలల్లో ఉండవు, ఎక్కువగా పుణె, చెన్నై, బెంగళూరుల్లోనే.

బ్రోచర్ మీద కారు బొమ్మ వేసి లక్షలడిగే ప్రైవేటు కాలేజీలకు మాత్రం వర్క్‌షాపు చూడకుండా అడ్వాన్సు కట్టొద్దు. మట్టితో కారు నమూనా చేసే గది చూపించమనండి. తాళం చెవి కోసం వెతుకుతుంటే బయటికి వచ్చేయండి.