ఫార్వర్డ్ చేసినా ముప్పే

ప్రశ్న: దుబాయిలో ఉన్న మా తమ్ముడు అక్కడి పాలకులను ఎగతాళి చేసే వీడియోను వాట్సాప్ గ్రూపులో పంపాడట. నిద్రపట్టడం లేదంటున్నాడు. నిజంగా ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఆ భయం ఉత్తది కాదమ్మా. 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న యూఏఈ సైబర్ నేరాల చట్టం 25వ అధికరణం ప్రకారం 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా పడొచ్చు. ఒక్క ఎగతాళికి ఇంత శిక్ష అన్యాయమే. ‘నేను తీయలేదు, పంపానంతే’ అన్నది రక్షణ కాదు. చెరిపేసినా ఎవరి ఫోన్లోనో స్క్రీన్‌షాట్ ఉండొచ్చు. గ్రూపులో సంజాయిషీలు రాయొద్దు, మీరూ ఇక్కడి నుంచి దీని గురించి మెసేజ్‌లు పెట్టొద్దు.

పోలీసులు పిలిస్తే, అర్థంకాని అరబ్బీ కాగితంపై సంతకం చేయకుండా అనువాదకుణ్ని అడగాలి. అరెస్టు చేస్తే భారత కాన్సులేట్‌కు కబురు పంపమని కోరే హక్కు దేశాల మధ్య కాన్సులేట్ సంబంధాలపై కుదిరిన 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఇచ్చింది.