నరసాపురంలో క్రిస్మస్ బజారు: కోడలికి ఓ ఉత్తరం

విశాఖపట్నం,
అక్టోబరు 28.

అమ్మాయ్,

ప్రభువు పేరట వందనాలు. నిన్న ఫోన్లో నువ్వు "అత్తయ్యగారూ, ఈసారి క్రిస్మస్ మా ఇంట్లోనే. బట్టలు, కేకు, లైట్లు అన్నీ ఫోన్లోనే ఆర్డరు పెట్టేస్తాను, మీరేం టెన్షన్ పడకండి" అన్నావు. ఆ మాట విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ మీద కోపం కాదు తల్లీ. హైదరాబాదులో పుట్టి పెరిగావు, నరసాపురం వచ్చి ఆరు నెలలైనా కాలేదు, నీకు ఎవరు చెప్తారు? మా అన్నయ్య కొడుక్కి, అదే మీ ఆయనకి, చెప్పినా వాడు నీ దాకా తీసుకురాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ మెయిన్ రోడ్డు మీద 27 ఏళ్లు ఫ్యాన్సీ షాపు నడిపాను. గాజులు, రిబ్బన్లు, డిసెంబరు వస్తే నక్షత్రాలు, గ్రీటింగు కార్డులు అమ్మాను. అమ్మేవాళ్ల కష్టం, కొనేవాళ్ల కష్టం రెండూ నాకు తెలుసు.

ముందు ఒక లెక్క చెప్తాను. మన ఊళ్లో క్రిస్మస్ బజారుని నడిపేది సార్వా, అంటే ఖరీఫ్ వరి పంట. నవంబరులో కోతలు మొదలవుతాయి, నూర్పిళ్లు అయ్యి కూలి డబ్బులు, ధాన్యం డబ్బులు చేతికొచ్చేసరికి డిసెంబరు రెండో వారం. ఆ వెంటనే దాళ్వాకి, అంటే రబీ వరికి, నారు, ఎరువులు. క్రిస్మస్ అయిన మూడు వారాలకి సంక్రాంతి. ఒకే డబ్బు, ఇన్ని దిక్కులకి వెళ్లాలి. అందుకే డిసెంబరు 10 దాటాక కొట్లన్నీ కిక్కిరిసిపోతాయి, ఊరంతా ఒకేసారి కొంటుంది. మీకు నెల జీతం ఉంది, ఆ గుంపులో పడాల్సిన పనేముంది? నవంబరు మొదటి వారంలోనే బట్టలు కొనెయ్. అప్పటికి కొట్లో సరుకు నిండుగా ఉంటుంది, చూపించేవాళ్లకి ఓపిక ఉంటుంది. ఇంకో సంగతి, నవంబరులో నువ్విచ్చే నగదు బట్టల కొట్టాయనకి డిసెంబరులో ఇచ్చే దానికంటే ఎక్కువ పనికొస్తుంది. ఆ డబ్బు పట్టుకుని విజయవాడలో టోకు బట్టల బజారు వస్త్రలతకి వెళ్లి రెండో విడత బేళ్లు తెచ్చుకుంటాడు. లేకపోతే వడ్డీకి తేవాలి.

సాయంత్రం నాలుగు తర్వాత బట్టల కొట్టుకి వెళ్లకు. ఆ వేళకి గోదావరి అవతల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి, చంకలో పిల్లల్ని వేసుకుని వస్తారు. చీకటి పడకముందే రేవు దాటాలని వాళ్ల ఆత్రం. మన ఊళ్లో మంచి కొట్టువాళ్లు రేవు దాటాల్సినవాళ్లకి ముందు చూపిస్తారు, ఊళ్లోవాళ్లని కాసేపు కూర్చోమంటారు. నువ్వు పొద్దున పదిన్నరకి వెళ్లు. కింద పరిచిన తెల్ల దుప్పటి మీద కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక టైలరు. ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకు. గుడ్డ నవంబరు 15కల్లా టైలరు బల్ల మీద ఉండాలి. డిసెంబరు మొదటి వారం దాటితే "ఇక తీసుకోవట్లేదమ్మా" అంటాడు. అప్పుడు బతిమాలితే మొహమాటానికి తీసుకుంటాడు, కానీ ఆ బట్ట 24 రాత్రి దాకా రాదు. వాడి తప్పు కాదు. ఒక్క కటింగు మాస్టరు, ఇద్దరు మిషన్ల మీద, కాజాలు కుట్టే ఆడమనిషి ఒకామె. అంతమందే ఊళ్లో సగం ఇళ్ల పండగ కుట్టాలి. లైనింగు, ఫాల్సు నువ్వే కొని గుడ్డతో పాటు ఇచ్చెయ్. పిల్లాడి ప్యాంటుకి అడుగున రెండంగుళాల మడత ఉంచమను, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. పెద్దదాని గౌనుకి పక్కల కుట్టులో గుడ్డ వదలమను. సగం కూలి ముందే ఇవ్వు. అడగడు, అయినా ఇవ్వు. దారం, గుండీలు వాడు నగదుకే కొనాలి.

ఒక 24వ తేదీ రాత్రి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కొట్టు కట్టేసి నా జాకెట్టు తెచ్చుకుందామని రేవు దగ్గర టైలరు షాపుకి వెళ్లాను. పదకొండు దాటింది. వేలాడే బల్బు కింద మాస్టరు తల మీద, కనుబొమల మీద తెగిన దారాలు. సుద్దముక్క చెవి మీద. బల్ల కింద కత్తిరింపు ముక్కల కుప్ప మీద ఏడెనిమిదేళ్ల పిల్లాడు ముడుచుకుని నిద్రపోతున్నాడు. వాళ్ల నాన్నకి ఆ సాయంత్రమే కూలి డబ్బు వచ్చిందట, అప్పుడు గుడ్డ కొని తెచ్చాడు. బయట పాటల బృందం గ్యాసు లైటు పట్టుకుని పాడుకుంటూ పోతోంది. మాస్టరు నా జాకెట్టు పక్కన పెట్టి ఆ పిల్లాడి చొక్కాకి చేతులు కుడుతున్నాడు. "మీది ఇంకో గంట అమ్మా" అన్నాడు. నేను ఇంటికొచ్చేశాను, పాత జాకెట్టే వేసుకుని ఆరాధనకి వెళ్లాను. ఆ ఏడు నుంచి నా గుడ్డ దసరా అవగానే ఇచ్చేస్తున్నాను. మన గుడ్డ ఆలస్యంగా ఇస్తే, డబ్బు ఆలస్యంగా వచ్చినవాళ్ల వంతు మనం తీసుకున్నట్టే.

పిండివంటల సంగతి. అరిసెలు నువ్వు చేయలేవని భయపడకు, పక్కింటి మామ్మగారు పాకం పట్టి ఇస్తారు, పిలిస్తే చాలు. కానీ బియ్యం నానబెట్టి తడిపిండి ఆడించడం నీ పని. పిండిమరకి తెల్లవారుఝామునే వెళ్లాలి. ముందు రోజు సాయంత్రమే "రేపు తడి బియ్యం తెస్తాను" అని చెప్పి రా. కారమో పసుపో ఆడిన మరలో వేస్తే నీ అరిసెలు ఎర్రగా అవుతాయి, ఘాటు వస్తుంది. చెప్పి పెడితే ఆయన మర శుభ్రం చేసి ముందు నీది ఆడతాడు. బెల్లం కిరాణా కొట్టాయన్నే ఎంచమను. పాకానికి ఏ బెల్లం ఆగుతుందో ఆయనకి తెలిసినంత మనకి తెలీదు. సరుకుల చీటీ రాసి డిసెంబరు 15లోపు ఇచ్చెయ్, కట్టి ఉంచుతాడు.

గులాబీ పువ్వుల అచ్చు కొనకు. నాది అటక మీద ఇత్తడి బిందెలో పాత చీరముక్కలో చుట్టి ఉంది. దాన్ని సబ్బుతో తోమకు. ముందు రాత్రి నూనెలో ముంచి ఉంచు. మర్నాడు కాగే నూనెలో అచ్చుని బాగా వేడెక్కించి, పిండిలో ముప్పావు వంతే ముంచు. అంచు దాటి మునిగిందా, పువ్వు ఊడి రాదు. మొదటి రెండు మూడు పాడవుతాయి, పిల్లలకి పెట్టెయ్.

కేకు ఊళ్లో బేకరీలోనే చెప్పు. మా రోజుల్లో మైదా, పంచదార, నెయ్యి, గుడ్లు మనమే పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుని బిస్కెట్లు చేయించుకునేవాళ్లం. రేకుల మీద ఎవరివి ఎవరివో తెలియడానికి చీటీలు పెట్టేవాళ్లు. ఇప్పటికీ అడిగితే చేస్తారు, కానీ 20వ తేదీలోపు వెళ్లాలి. తర్వాత పొయ్యి అంతా కేకులకే. బిస్కెట్లు నెయ్యితోనే చేయించు. ఆరాధన అయ్యాక ఇంటింటికీ పళ్లెం పంపుతాం కదా, హిందువుల ఇళ్లకీ, ముస్లింల ఇళ్లకీ కూడా. పళ్లెంలో ఊరి బేకరీ బిస్కెట్టు కనపడితే వాళ్లకి అదే పండగ. వాళ్లు సంక్రాంతికి మనకి అరిసెలు పంపుతారు.

నక్షత్రం ప్లాస్టిక్‌ది కొంటే కొనుక్కో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒకటైనా వెదురు బద్దలతో కట్టించు. తడకలు అల్లేవాళ్లని అడిగితే బద్దలు సన్నగా చీల్చి ఇస్తారు. రంగు కాగితం పిల్లల చేత అంటించు. మన వీధిలో రెండు మూడు ఇళ్లవాళ్లు బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘం, వాళ్లు నక్షత్రం కట్టరు, పండగ అనరు. వాళ్లని ఎందుకని అడగకు, పళ్లెం మాత్రం పంపు.

అమెరికాలో ఉన్న మీ చెల్లెలికి ఏం పంపాలా అన్నావు. నరసాపురంలో ఉండి ఆ మాట అడగొచ్చా? లేసు పంపు. 19వ శతాబ్దంలో మిషనరీల ఇళ్ల ఆడవాళ్లు మన వాళ్లకి నేర్పిన అల్లిక అది. చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ మధ్యాహ్నం అరుగుల మీద ఆడవాళ్లు కొక్కెంతో అల్లుతూ కనపడతారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా వచ్చింది. ఆ గుర్తింపు వచ్చినా, నువ్వు నేరుగా అల్లే ఆమె దగ్గర కొంటేనే ఆమెకి నాలుగు రూపాయలు ఎక్కువ. మధ్యలో ఇద్దరు ముగ్గురు ఉంటే అల్లినామెకి కూలే మిగులుతుంది. టీపాయి మీద వేసే చిన్న గుడ్డకే రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే చెప్పు. దారం డబ్బు ముందు ఇవ్వు. అక్కడ మాత్రం బేరం ఆడకు. బట్టల కొట్లో ఆడు, కూరల దగ్గర ఆడు, లేసు అల్లే మనిషి దగ్గర వద్దు. వాళ్ల కళ్లు చూస్తే నీకే అర్థమవుతుంది, నలభై ఏళ్లు రాకముందే అద్దాలు.

ఫోన్లో అసలు కొనొద్దని నేననను. పిల్లాడి పాదానికి మన ఊళ్లో బూట్ల సైజు దొరకదు, తెప్పించుకో. పిల్లల కథల పుస్తకాలు తెప్పించుకో. కానీ పండగ బట్టలు తెప్పించకు. ఒక ఏడు నేను కూడా మోజుపడి ఒక పెద్ద ఊళ్లో పెద్ద షాపుకి వెళ్లి మనవలకి రెడీమేడ్ బట్టలు తెచ్చాను. మర్నాడు వేసి చూస్తే ఒకడికి భుజాలు పట్టలేదు. మార్చమంటే బిల్లు మీద రాసింది చూపించారు. రాను పోను బస్సులో ఒక రోజు, ఆ చొక్కా చివరికి ఎవరికో ఇచ్చేశాం. మన కొట్టాయన అయితే లేబుల్ తీసేసినా, పండగ అయ్యాక అయినా మార్చి ఇస్తాడు.

ఆయన గురించి నీకు ఒకటి తెలియాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. గోదావరి అవతల కోనసీమలో కొబ్బరి చెట్లు వేలు, లక్షలు నేలకూలాయి. చెట్టు పెట్టిన తర్వాత కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అంటే ఆ ఇళ్లకి ఏళ్ల తరబడి రాబడి లేదు. ఏడు వారాలకి క్రిస్మస్. రేవు దాటి ఎవరూ రారనుకుని మేమంతా సరుకు తగ్గించుకున్నాం. ఆ బట్టల కొట్టాయన తండ్రి, వైశ్యులు, ఆంజనేయస్వామి పటం కింద కూర్చునే మనిషి, ప్రతి ఏటా కొనే అవతలి ఇళ్లవాళ్లకి కబురు పెట్టారు. "పిల్లల గుడ్డలు తీసుకెళ్లండి, కాపు వచ్చాక ఇద్దురుగాని" అని. నా కొట్టు ఎదురే, చూశాను. ఖాతా పుస్తకంలో రాసుకున్నారు గానీ వడ్డీ కాలమ్ గీయలేదు. అందరూ తీర్చలేదు, తీర్చినవాళ్లు మాత్రం చాలామందే. ఇప్పటికీ ఆ ఇళ్ల పిల్లలు, పెళ్లిళ్లయి ఎక్కడెక్కడో ఉన్నా, పంటు దాటి ఆ కొట్టుకే వస్తారు.

అందుకే ఖాతా సంగతి జాగ్రత్త. నీకు అడక్కుండానే అరువిస్తారు, మీ మామగారి పేరు చాలు. తీసుకుంటే తీసుకో, కానీ డిసెంబరు 31 ఆరాధనకి వెళ్లేలోపు తీర్చెయ్. సంక్రాంతి దాకా లాగకు, అప్పటికి ఆయన కొత్త సరుకుకి డబ్బు కట్టుకోవాలి. ఫోన్లో డబ్బు పంపినా ఒకసారి కొట్టుకి వెళ్లి పుస్తకంలో కొట్టివేయించుకో.

కొనేటప్పుడు ఇంట్లోవాళ్లవే కాకుండా ఇంకో మూడు జతలు కలుపుకో. పాస్టరు గారికి ఒక పంచె, పని చేసే అమ్మాయికి చీర, వెనక వీధిలో ఒంటరిగా ఉండే అవ్వకి ఒక చీర. అవ్వకి నేత చీరే తీసుకో, సిల్కు జారిపోతుందని కట్టదు. వాటిని విడిగా కట్టించకు, మన బట్టల మధ్యలో నుంచి తీసి ఇవ్వు. మాంసం కొట్లో కూడా 22కే చెప్పి టోకెన్ తీసుకోమను మావాడిని. 25 పొద్దున వెళితే ఆరాధన అయ్యేదాకా వరసలోనే ఉంటాడు.

నేను 22న రైల్లో వస్తాను. నా జాకెట్టు గుడ్డ, బూడిద రంగుది, ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో పంపుతున్నాను. రేవు దగ్గర మాస్టరుకి ఇవ్వు. కొలతలు ఆయన పుస్తకంలో ఉన్నాయి, కానీ ఈసారి చేతులు ఒక అంగుళం వదులు పెట్టమని చెప్పు.

మీ అత్తయ్య